‘చేయించుకొన్నది’: ఒక క్రియాపదం, ఒక మౌనం

ప్రతి భాషలోనూ అందరూ వాడుతూ, ఎవరూ ఆగి చూడని మాటలు కొన్ని ఉంటవి. వార్తాపత్రికలో ఉంటవి, ఇంటి మాటలలో ఉంటవి, ఆసుపత్రి చీటీలలో ఉంటవి. సాహిత్య విమర్శలో మాత్రం కానరావు. అటువంటి మాట ఒకటి ఈ వ్యాసానికి విషయం. ‘ఆమెకు ఆపరేషన్ అయింది’ అని తెలుగునాట ఏ ఊళ్ళో అన్నా, ఏ ఆపరేషన్ అని అడిగేవారుండరు. కంటికి చేసినదైతే కంటి ఆపరేషన్ అంటాము, గుండెకు చేసినదైతే గుండె ఆపరేషన్ అంటాము. పిల్లలు పుట్టకుండా స్త్రీకి చేసే శస్త్రచికిత్సకు విశేషణం అక్కరలేదు. విశేషణమే అక్కరలేనంతగా అలవాటైన విషయం మన కథలలో, నవలలలో ఎంత చోటు సంపాదించుకొని ఉండవలెనో ఊహించవచ్చు. నేను చదివినంతలో దానికి దక్కినది సాధారణంగా ఒక అసమాపక క్రియ. ‘ఇద్దరు పిల్లలు పుట్టి, ఆపరేషన్ కూడా అయి’ అని ఆరంభించి వాక్యం ముందుకు సాగిపోతుంది. సమాపక క్రియ మరొక సంగతికి చెందుతుంది.

ఈ అనుభవం ఎంత విస్తృతమైనదో చెప్పటానికి ఒకటి రెండు అంకెలు చాలును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణకు ఆధారపడినది ఈ శస్త్రచికిత్స మీదనే. దేశం మొత్తానికి ఆ సంఖ్య 37.9. పురుషుల శస్త్రచికిత్స, అది ఎంతో తేలికయిన పని అయినప్పటికీ, దేశంలో 0.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.4 శాతం. అంటే వివాహిత స్త్రీల జీవితంలో ప్రసవం తర్వాత ఇంత సర్వసాధారణమైన ఘట్టం మరొకటి చెప్పటం కష్టం. ప్రసవం మీద మనకు పాటలున్నవి, కథలున్నవి, పురాణాలున్నవి. దీనికి అసమాపక క్రియ ఒక్కటే ఎందుకు మిగిలినది?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో కలిగినది కాదు. నా నివాసం ఛత్తీస్‌గఢ్‌లో, రాయపూర్‌ను ఆనుకొని ఉన్న బీర్‌గావ్. ప్రక్కనే ఉరలా పారిశ్రామికవాడ. కార్ఖానాలలో పనిచేసేవారి ఊరు. బ్రతుకుతెరువుకై వచ్చిన తెలుగువారు కొందరు ఇక్కడ ఉన్నారు. నేను హిందీ తెలుగుల మధ్య అనువాదాలు చేస్తానని తెలిసి ఇరుగుపొరుగువారు అప్పుడప్పుడు కాగితాలు పట్టుకొని వస్తుంటారు. కొన్నేళ్ళ క్రిందట శ్రీకాకుళం వైపు నుండి కోడలుగా వచ్చిన ఒక పిల్ల, ఇరవై మూడేళ్ళుంటవేమో, చంకలో రెండవ బిడ్డతోనూ వెనుక అత్తగారితోనూ వచ్చింది. చేతిలో ఉన్నది హిందీలో అచ్చయిన సమ్మతి పత్రం. ‘ఇందులో ఏటుందో సెప్పండి పిన్నీ’ అన్నది.

చదివి చెప్పినాను. ఇతర పద్ధతులు ఉన్నవని నాకు తెలుసు. ఈ శస్త్రచికిత్స శాశ్వతమైనదని తెలుసు. అయినా విఫలం కావటానికి కొంత అవకాశమున్నదని తెలుసు. ఎవరి ఒత్తిడి గాని ప్రలోభం గాని లేకుండా ఈ నిర్ణయం తీసుకొన్నాను. అని ఇలా సాగుతుంది ఆ పత్రం. అంతా ఉత్తమ పురుష ఏకవచనంలోనే ఉంటుంది. ‘ఇతర పద్ధతులు’ అన్నచోట ఆమె నన్ను ఆపింది. ‘అవేటి పిన్నీ?’ అని అడిగింది. నాకు తెలిసినవి చెప్పినాను. అత్తగారు గుమ్మం వైపు చూస్తున్నది. చివరకు హిందీ వాక్యాన్ని తెలుగు చేసి, ‘నేను ఆపరేషన్ చేయించుకొంటున్నాను’ అని చదివినాను. ఆ పిల్ల నవ్వింది. ‘నానేటి సేయించుకుంటన్నాను పిన్నీ! ఆలు సేయిస్తన్నారు గాని’ అన్నది. తర్వాత సంతకం పెట్టింది.

ముప్ఫయ్యేళ్ళుగా అనువాదం చేస్తున్న నాకు ఇంత సూక్ష్మమైన పాఠ సవరణ మరెవ్వరూ చేయలేదు. హిందీలో ‘కర్‌వా లీ’ అన్నది, తెలుగులో ‘చేయించుకొన్నది’ అన్నది ఒకే అచ్చులో పోసిన క్రియలు. తెలుగు రూపాన్నే విడదీసి చూతము. ‘చేయు’ అన్నది ధాతువు. ‘ఇంచు’ చేరితే ప్రేరణ: మరొకరిచేత చేయించుట. ‘కొను’ చేరితే ఆత్మార్థం: ఫలం తనకే చెందుట. ‘రామయ్య ఇల్లు కట్టించుకొన్నాడు’ అంటే కట్టినవారు మేస్త్రీలు, కట్టించినవాడు రామయ్య, కాపురముండేవాడూ రామయ్యే. మూడింటికీ జవాబు ఉన్నది గనుక ఆ వాక్యం నిజమైన వాక్యం. ‘ఆమె ఆపరేషన్ చేయించుకొన్నది’ అన్న వాక్యానికి ఇవే మూడు ప్రశ్నలు వేస్తే ఏమవుతుంది? చేసినదెవరు? చేయించినదెవరు? ఫలం ఎవరిది? వ్యాకరణం చివరి రెండింటికీ ఆమెనే చూపుతుంది. మన సాహిత్యం ఆ వ్యాకరణాన్ని ప్రశ్నించకుండా ఒప్పుకొన్నదనియే నా అభియోగం.

సాహిత్యం సంతాన నిరోధ శస్త్రచికిత్సను అసలు పట్టించుకోలేదని నేననను. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77లో, ఒక్క సంవత్సరంలో 82 లక్షలకు పైగా ఈ శస్త్రచికిత్సలు జరిగినవి. అందులో నాలుగింట మూడు వంతులు పురుషులవి. దాని మీద గొప్ప నవలలు వచ్చినవి. సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ (1981)లో అర్ధరాత్రి పుట్టిన బిడ్డల సంతానశక్తిని ప్రభుత్వం హరించటం ఒక జాతి ఆశను హరించటానికి ప్రతీక అయినది. రోహింటన్ మిస్త్రీ ‘ఎ ఫైన్ బాలెన్స్’ (1995)లో దర్జీ పని చేసే బాబాయిని, అబ్బాయిని పట్టుకొనిపోయి చేసిన శస్త్రచికిత్స ఆ నవలకే పరాకాష్ఠ. అక్కడ కథకు కావలసినవన్నీ ఉన్నవి. లారీలున్నవి, పోలీసులున్నారు, దౌర్జన్యం చేసేవాడు ఉన్నాడు, పెనుగులాడేవాడు ఉన్నాడు. బలాత్కారం కనుక కథ అయినది.

1977 తర్వాత ప్రభుత్వం ఆ శాఖ పేరులో ‘నియంత్రణ’ తీసివేసి ‘సంక్షేమం’ అన్నది. ఆ మాటతో పాటు కత్తి కూడా పురుషుని వైపు నుండి స్త్రీ వైపునకు తిరిగింది. ఇక లారీలు అక్కర లేదు. ఆమె తనంతట తానే నడిచి వచ్చి, సంతకం పెట్టి, బల్ల మీద పడుకొంటుంది. ఇందులో ప్రతినాయకుడు లేడు, పెనుగులాట లేదు. మన కథన కళకు బలాత్కారం తెలుసు, ఇచ్ఛ తెలుసు. ఈ రెండింటి మధ్యనున్నది, మరొక దారి లేక ఇచ్చే సమ్మతి, దానికి ఇంకా పట్టుబడలేదు.

ఇక్కడ మన స్త్రీవాద సాహిత్యాన్ని స్మరించకపోతే అన్యాయమవుతుంది. స్త్రీ శరీరం కావ్యవస్తువు కాగలదని, అదియు వర్ణన కొరకు గాక విచారణ కొరకు కాగలదని, తెలుగులో స్థాపించినది వారే. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ ప్రసూతి గదిని కవిత్వంలోనికి తెచ్చింది. పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ గర్భస్రావాన్ని తెచ్చింది. ఓల్గా ‘రాజకీయ కథలు’ కన్ను, ముక్కు, జడ వంటివాటిని ఒక్కొక్కటిగా తీసుకొని, ప్రతిదాని మీద ఎవరి అధికారం నడుస్తున్నదో చూపినవి. 1993లో వచ్చిన ‘నీలి మేఘాలు’ సంకలనంతో ఈ కవిత్వానికి ఒక సమగ్ర రూపం ఏర్పడినది. బెంగాలీలో మహాశ్వేతాదేవి ‘స్తనదాయిని’ ఒక తల్లి చనుబాలను శ్రమగా లెక్కకట్టి చూపిన కథ. ప్రసూతి గదికీ గర్భస్రావానికీ లభించిన ఆ చూపు ఈ శస్త్రచికిత్స మీద ఎందుకు నిలువలేదు? ప్రసవంలో నొప్పి ఉన్నది, గర్భస్రావంలో నష్టం ఉన్నది. ఇందులో మాత్రం, చెప్పుకోవటానికి, ‘ఏమీ కాలేదు’. మరునాడో మూడవనాడో ఇంటికి వచ్చింది, వారానికి కుట్లు విప్పినారు, పనిలో పడింది. ఏమీ కాలేదన్నది కథ కాదని మనం అనుకొన్నాము.

ఇతరులను అడుగుట సులభం. ఈ వ్యాసకర్త్రికి కూడ ఇరవై ఆరవ యేట, రెండవ కాన్పు వెంటనే, ఆ శస్త్రచికిత్స జరిగింది. ఎం.ఏ. చదివిన దానను, కాగితం చదివే సంతకం పెట్టినాను. నన్ను ఎవ్వరూ ఒత్తిడి చేయలేదు. భర్త చేయించుకొనే సంగతి ఎవరి నోటా రాలేదు, నా నోటా రాలేదు. అది జరిగి దాదాపు మూడు దశాబ్దాలు. ఈ కాలమంతటా ఇతరుల పుస్తకాలలో స్త్రీ శరీరాన్ని గురించి ఎన్నో పేజీలు వ్రాసినాను. దీని మీద ఒక్క వాక్యం వ్రాయలేదు. బాధ కలిగి దాచుకొన్నది కాదు. వ్రాయదగినదని తోచలేదు. ఆ తోచకపోవటమే ఇప్పుడు నన్ను వెంటాడుతున్నది.

ఇక మూడు ప్రశ్నలకు వద్దాము.

మొదటిది, చేసినదెవరు? బీర్‌గావ్ ప్రక్క నుండి పోయే రహదారి బిలాస్‌పూర్ చేరుతుంది. ఆ జిల్లాలో 2014 నవంబరు 8న వాడుకలో లేని ఒక ఆసుపత్రి భవనంలో జరిగిన శిబిరంలో 83 మంది స్త్రీలకు ఒకే శస్త్రవైద్యుడు కొద్ది గంటలలో ఈ శస్త్రచికిత్స చేసినాడు. ఒకనాటికి 30 మించరాదని ప్రభుత్వ నియమం. కడుపులోనికి గాలి ఎక్కించి, బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, గొట్టం దింపి, రెండు అండవాహికలకు రెండు బిగుతైన ఉంగరాలు తొడిగే పని అది. ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు దక్కినవో పాఠకులే లెక్కించుకోవచ్చు. వారిలో 13 మంది మరణించినారు. తర్వాత ఇచ్చిన మాత్రలు కల్తీవని ఒక వాదం, శస్త్రచికిత్సలో సోకిన క్రిముల వల్లనని మరొక వాదం వినవచ్చినవి. ఆ వైద్యుడు అదే సంవత్సరం జనవరిలో 50,000 శస్త్రచికిత్సలు చేసినందుకు రాష్ట్ర ప్రభుత్వ సత్కారం పొందినవాడు. ఈ ఒక్క వివరం ఏ నవలాకారుడైనా కల్పించి ఉంటే, వ్యంగ్యం శ్రుతి మించినదని నేనే తప్పు పట్టి ఉందును.

ఈ సంగతి మనకు దూరపు సంగతి కాదు. 2022 ఆగస్టు 25న తెలంగాణలో, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మందికి ఈ శస్త్రచికిత్సలు జరిగినవి. కొన్ని రోజులలోనే నలుగురు మరణించినారు. శిబిరాల పద్ధతిని మూడేళ్ళలో మాన్పించవలెనని సుప్రీంకోర్టు ‘దేవికా బిశ్వాస్’ కేసులో 2016 సెప్టెంబరు 14న ఆదేశించినది. ఇబ్రహీంపట్నం ఘటన ఆ గడువు దాటిన దాదాపు మూడేళ్ళకు జరిగింది. అప్పుడు పత్రికలు వ్రాసినవి. అయితే సాహిత్యానికి ఇక్కడ ఒక ప్రమాదమున్నది. మరణించిన నలుగురి మీద కథ వ్రాయటానికి కలం ఉబలాటపడుతుంది. బ్రతికి వచ్చిన ముప్ఫయి మంది మళ్ళీ అసమాపక క్రియలోనికే పోతారు. మరణవార్త పత్రిక ధర్మం. బ్రతికినవారి వార్త సాహిత్యం చెప్పకపోతే చెప్పేవారు లేరు.

రెండవది, చేయించినదెవరు? ఇక్కడ ‘ఇంచు’ అన్న చిన్న ప్రత్యయంలో ఒక పెద్ద సమూహం దాగి ఉన్నది. గోడ మీద ఎర్ర త్రికోణం, ‘ఇద్దరు లేక ముగ్గురు చాలు’ అన్న నినాదం, లెక్క పూర్తి చేయవలసిన ఆరోగ్య కార్యకర్త, ఆమెను అడిగే పై అధికారి, ఆయనను అడిగే జిల్లా అధికారి. 1996లో లక్ష్యాల పద్ధతిని దేశమంతటా తొలగించినట్లు ప్రకటించినారు గాని, అంకెలు అడగటం ఆగలేదు. బిలాస్‌పూర్ స్త్రీలకు దక్కిన పారితోషికం 600 రూపాయలు. ఈ వరుసకు ఇవతల భర్త, అత్తగారు, ‘మగవాడికి చేస్తే బరువులెత్తలేడు’ అన్న ఆధారం లేని నమ్మకం. బరువులెత్తే స్త్రీలను గూర్చి ఆ నమ్మకం ఏమీ చెప్పదు.

ఈ సమూహమంతా దుర్మార్గుల సమూహమని వ్రాస్తే మళ్ళీ అత్యవసర పరిస్థితి కథే అవుతుంది, అసత్యమూ అవుతుంది. కాన్పు వెంట కాన్పుతో చిక్కి శల్యమైన తల్లులను మన పూర్వ రచయితలు ఎందరినో చిత్రించినారు. ఆ తల్లుల మనుమరాళ్ళకు ఈ శస్త్రచికిత్స విముక్తిగానే కన్పట్టింది. అత్తగారికి తెలియకుండా పుట్టింటికి పోయి చేయించుకొని వచ్చిన స్త్రీలు ఉన్నారు. వారి విషయంలో ‘చేయించుకొన్నది’ అన్న క్రియ అక్షరాలా సత్యం. చివరి రెండు ప్రశ్నలకూ జవాబు ఆమెయే. మరొక ఇంట అదే క్రియ అక్షరాలా అబద్ధం. ఆసుపత్రి పుస్తకంలో ఈ రెండు వాక్యాలకూ తేడా లేదు. సంతకాలకూ తేడా లేదు. ఆ తేడా చూపగలది ఒక్క కథారచన. ఇంతటి అవకాశం చేతిలో ఉండగా మనం దానిని వదలుకొన్నాము.

మూడవది, ఫలం ఎవరిది? సమ్మతి పత్రంలో నన్ను అన్నిటికంటె ఆపిన మాట ‘శాశ్వతం’. మనం ఆ విశేషణాన్ని కీర్తికి, ధర్మానికి వాడుతూ వచ్చినాము. ఇక్కడ అది ఇరవై మూడేళ్ళ పిల్ల ఒక మధ్యాహ్నం తీసుకొన్న నిర్ణయానికి వాడబడినది. 2004 డిసెంబరు 26 సునామీలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులలో ఈ శస్త్రచికిత్స అయినవారు ఎందరో ఉన్నారు. నాళాలను తిరిగి కలిపించటానికి తమిళనాడు ప్రభుత్వం సహాయం ప్రకటించవలసి వచ్చింది. ‘శాశ్వతం’ అన్న మాట అర్థం ఆ తల్లులు తెలుసుకొన్నట్లు మరెవ్వరూ తెలుసుకోలేదు.

ప్రభుత్వాలకు మాత్రం ఏదీ శాశ్వతం కాదు. ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక సంస్థలలో పోటీ చేయరాదన్న నియమం ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంతో అమలులో ఉండేది. 2024 నవంబరులో శాసనసభ దానిని రద్దు చేసింది. జననాల రేటు మరీ తగ్గినదని, ఎక్కువ మంది పిల్లలను కనవలెనని ఇప్పుడు పెద్దలు ప్రబోధిస్తున్నారు. సర్వే ప్రకారం ఆ రాష్ట్రంలో ఒక్కొక్క స్త్రీకి సంతానం సగటున 1.7. ఒకనాడు చాలునన్నవారు మరొకనాడు చాలదనవచ్చును; అది రాజ్యనీతి. చాలునన్న మాటను శరీరం మీద వ్రాయించుకొన్నవారు మాత్రం ఆ వ్రాతను తుడుచుకోలేరు. ‘కొను’ అన్న ప్రత్యయం ఫలాన్ని ఆమెకు ఇస్తుంది. తగ్గిన జననాల రేటు రాష్ట్రానికి లెక్కలోకి వచ్చింది. నెరవేరిన అంకె అధికారికి చెందింది. పడకగదిలో నిశ్చింత భర్తకు దక్కింది. ఆమెకు దక్కినది విడుదల కావచ్చు, విచారం కావచ్చు, రెండూ కావచ్చు. అడిగి తెలుసుకోవలసినదే గాని క్రియాపదాన్ని బట్టి నిర్ణయించరాదు.

మాటల సంగతి మరొకటి చెప్పి ముగిస్తాను. హిందీ వాడుకలోని ‘నసబందీ’లో కనీసం నరమున్నది, దానిని బంధించటమున్నది. కార్యాలయ హిందీలోని ‘బంధ్యాకరణ్’లో వంధ్యను చేయుట అన్న అర్థం దాపరికం లేకుండా ఉన్నది. మన ‘కుటుంబ నియంత్రణ’లో శరీరమే లేదు, కోత ఒకరికి, పేరు కుటుంబానికి. పత్రికలు దానిని కూడా కుదించి ‘కు.ని.’ అన్నవి. గొడ్రాలు అన్న మాటతో స్త్రీని ఇంతగా హింసించిన భాష, తల్లి అయిన తర్వాత ఆమెకు చేసే దానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు రెండు పొడి అక్షరాలతో తప్పించుకొన్నది. పేరు లేనిచోట పేరు పెట్టటం కవుల పని గదా.

ఈ విషయం మీద ప్రచార సాహిత్యం రావలెనని నా కోరిక కాదు. శస్త్రచికిత్సకు అనుకూలంగా అటువంటిది ఒక తరం పాటు వచ్చింది. ప్రతికూలంగా వచ్చినా మేలు లేదు. నేను కోరేది చిన్న సంగతి. మన కథకులు, కవులు ‘ఆపరేషన్ అయి’ అని వ్రాయబోయేచోట ఒక్క నిమిషం కలం ఆపి, ఆ అసమాపక క్రియను సమాపకం చేసి చూడవలె. ఆ బల్ల మీదికి ఆమె ఎవరి వెంట వచ్చింది, ఎవరి బిడ్డను ఎవరి చేతికి ఇచ్చి వచ్చింది, చేతికి వచ్చిన డబ్బు ఎవరు ఖర్చు పెట్టినారు, ఎన్నవనాడు బిందె ఎత్తింది, పదేళ్ళకు ఆ సంగతి ఎవరితోనైనా అన్నదా అని అడగవలె. ఈ ప్రశ్నలలో ఏ ఒక్కదానికి సరియైన జవాబు దొరికినా అక్కడ ఒక కథ ఉన్నది.

ఆ సమ్మతి పత్రం మళ్ళీ నా చేతికి వస్తే ఎట్లా అనువదింతునో నాకు తెలియదు. ‘చేయించుకొంటున్నాను’ అన్నది తప్పు అనువాదం కాదు. మూలానికి అది విధేయమైనదే. అయినా ఆ పిల్ల నవ్వినప్పుడు నా వాక్యంలో లేనిదేదో ఆమె నవ్వులో ఉన్నది. దానికి తగిన వాక్యం కాగితం మీద ఇంకా రాలేదు. నాకంటె సమర్థులైన రచయితలు తెలుగులో ఎందరో ఉన్నారు. ఆ వాక్యాన్ని వారి నుండి ఆశిస్తున్నాను.